సముద్రమ్మకు మొక్కిన చీర

కమలాపురం
1936 జనవరి 21

చిరంజీవి తమ్ముడు కాశన్నకు అక్క బసమ్మ దీవించి రాసేది.

నువ్వు కేశవయ్య శెట్టి గారి మోటారు తోలుకొని వీధి మలుపు తిరిగినావో లేదో, అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "వానికి సరిగ్గా చెప్పినావా? చీర యాడ పెట్టుకున్యాడు? కాళ్ళ కాడ పెట్టుకుంటాడేమో సూడు, వానికి అసలే మతి నిలకడ లేదు" అని. అందుకే నువ్వు నెల్లూరు చేరేసరికి ఈ ఉత్తరం అక్కడి సత్రంలో ఉండాలని ఈ పొద్దే రాస్తున్నా. పలక మీద నీకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది, రాసింది అర్థం కాలేదని తర్వాత చెప్పొద్దు.

అది ఊరికే నేసిన చీర కాదు. వరసగా మూడేండ్లు వాన మొహం చూడక, బావిలో మట్టి తోడుకొని తాగినప్పుడు అమ్మ మొక్కుకుంది. మబ్బులు పుట్టేది సముద్రంలో అని ఎవరో చెబితే, "సముద్రమ్మా, మాకింత వాన పంపితే నా చేత్తో నేసి నీకు చీర పెడతా" అంది. మన వంశంలో సముద్రాన్ని చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు. అయినా మొక్కింది. మొన్న ఆశ్వయుజంలో వాన వచ్చింది. కంటి చూపు మందగించినా తానే మగ్గం గుంతలో దిగి, పసుపు చీరకు ఎర్రంచు వేసి నేసింది. శెట్టిగారు కొత్త మోటారులో సముద్రం ఒడ్డు పొడవునా తిరిగి చూడాలని బయల్దేరడం, నువ్వు దానికి డ్రైవరువు కావడం ఆ తల్లి దయే.

మన ఇంటి ఆచారం నీకు తెలుసు. మొక్కు చీర దిగిన మగ్గం మీద, ఆ చీర తల్లి ఒడి చేరేదాకా కొత్త పడుగు ఎక్కించకూడదు. ఉన్నది ఒక్కటే మగ్గం. అది ఖాళీగా ఉన్నన్నాళ్ళూ మీ బావ రోడ్డు పనిలో కంకర కొట్టాల్సిందే, రేపట్నుంచి పోతున్నాడు. పోగు పట్టే వేళ్ళు సుత్తి పట్టుకుంటే ఎన్నాళ్ళు బాగుంటాయి? అందుకని తొలి సముద్రం కనబడగానే చీర ఇచ్చేయ్. ఇచ్చిన పూటే కార్డు ముక్క రాయి. కార్డు అందిన దినమే పడుగు ఎక్కిస్తాం.

వేళకు తిను.

అక్క
బసమ్మ

*

నెల్లూరు
జనవరి 29

అక్కకు, అమ్మకు, బావకు కాశన్న నమస్కారాలు.

సముద్రం చూసినానక్కా! మైపాడు అనే రేవు. చెట్ల సందుల్లో నుంచి నీలంగా ఏదో కనబడితే శెట్టిగారు "అదేంది కాశన్నా, కొండా?" అని అడిగినారు. కొండ కాదు, నీళ్ళు! గండికోట మీద నిలబడి కిందికి చూస్తే పెన్న లోయ కనబడుతుందే, ఆ లోయను అంచుల దాకా నింపి చూసుకో. అది దీనికి ఒక మూలకు కూడా రాదు. మన పెన్న కూడా ఇక్కడికి దగ్గర్లోనే వచ్చి కలుస్తుందంట. మన దగ్గర ఇసుక తప్ప ఏమీ లేని పెన్న, ఇక్కడ పెద్దింటి కోడలి లాగా నిండుగా ఉంది.

శెట్టిగారి ఇల్లాలు ప్రమీలమ్మ గారు నీళ్ళు చూసి చిన్నపిల్ల మాదిరి గంతులేసినారు. ఆమె చెప్పు ఒకటి అలలో కొట్టుకుపోతే నేను పరిగెత్తి తెచ్చినా. శెట్టిగారు భీమిలి దాకా ఏ రేవునూ వదలరంట. కొత్తపట్నం, చీరాల, బందరు కోట, కాకినాడ, ఉప్పాడ, విశాఖపట్నం అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతున్నారు. "ఒక్కటి ఇడిసినా ఇంటికి పోయినాక అదే బాగుండేదేమో అనిపిస్తాది" అంటారు.

చీర సంగతి నెమ్మదిగా రాస్తా. సముద్రం మనం అనుకున్నట్టు లేదక్కా. ఏటి మాదిరి ఒక పక్కకు పోయే రకం కాదు. ఇంకో రేవు చూసుకొని చెబుతా. చీరాలలో శెట్టిగారి వియ్యంకుల బట్టల దుకాణానికి జాబు రాయి.

తమ్ముడు
కాశన్న

*

కమలాపురం
ఫిబ్రవరి 4

కాశన్నకు బసమ్మ రాసేది. దీవెనలు తర్వాత చూద్దాం.

నెమ్మదిగా రాస్తావా? నీకేం నాయనా, మెత్తటి సీటు మీద కూర్చొని సముద్రం గాలి తింటున్నావు. ఇక్కడ పోస్టు జవాను వీధిలోకి వస్తే చాలు, అమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడుతుంది. "మావాడు చీర పెట్టినాడంటనా?" అని అడుగుతుంది. నీ ఉత్తరం చదివి ఏం చెప్పాలి నేను? ప్రమీలమ్మ గారి చెప్పు దొరికిందమ్మా అని చెప్పనా?

తొలి సముద్రంలోనే ఇచ్చేయ్ అని రాసినానా లేదా? నీకు చెప్పేదానికంటే చెవిటివాని ముందు శంఖం ఊదడం మేలు. సముద్రం ఎట్లుంటే నీకేం, నీ కూతుర్ని ఇవ్వబోతున్నావా దానికి? రేవులు ఎంచడానికి పెండ్లిచూపులా ఇవి?

మీ బావ చేతులు చూస్తే నీకు తెలిసొచ్చేది. అరచేతులు బొబ్బలెక్కి పగిలినాయి. నిన్న నా రవిక కుట్టుకుంటూ సూదిలో దారం ఎక్కించమంటే, దారం ఆయన వేలి పగుళ్ళకు చిక్కుకొని తెగింది. తెగిన దారం చూసుకుంటూ కూర్చున్నాడు. కూడు పెట్టే వేళ్ళురా అవి! ఊళ్ళు చూడటం తర్వాత, ముందు ఆ చీర వదులు.

బసమ్మ

*

చీరాల
ఫిబ్రవరి 12

అక్కకు నమస్కారాలు.

నువ్వు కోప్పడటంలో న్యాయం ఉంది. అయినా నా మాట కూడా కొంచెం విను. అమ్మ చేతి చీర యాడంటే ఆడ పారేసి రాలేను కదా. కొత్తపట్నంలో ఒడ్డంతా ఎండు చేపలు ఆరబోసినారు, ఆ వాసనకు శెట్టిగారు ముక్కుకు పైపంచె కట్టుకొని కారు దిగనే లేదు. ఇక్కడ ఓడరేవులో జనం ఎక్కువ. బాపట్ల దగ్గర సూర్యలంక అని ఉంది, తెల్లటి ఇసుక, పొద్దు పొడుస్తుంటే చూడాలంటారు. అక్కడ మంచి చోటు ఉంటుందేమో.

చీరాలలో ఏ వీధికి పోయినా మగ్గాల చప్పుడే. మనవాళ్ళ కంటే వేగంగా నాడె విసురుతారు. ఇక్కడి నేతగాండ్లు నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినారు. ఆ చప్పుడు వింటుంటే ఇంటి మీదికి గాలి మళ్ళింది.

బావను కంకర పనికి పోవద్దని చెప్పు. నేను తొందరగానే కార్డు రాస్తా. అమ్మకు మాత్రం చీర పెట్టినానని చెప్పక్కా, పోయేదేముంది? తర్వాతి జాబు బందరుకు రాయి.

కాశన్న

*

కమలాపురం
ఫిబ్రవరి 18

ఒరే కాశీ,

అమ్మకు అబద్ధం చెప్పమంటావా? మొక్కు విషయంలోనా? నీకు నోరెట్లా వచ్చిందిరా!

చీరాల మగ్గాలు గలగలమంటున్నాయని ఎవరికి రాస్తున్నావో తెలుసా? మగ్గం గుంతలో కోడి పొదిగిన ఇంటికి రాస్తున్నావు. అవును, కోడే. ఖాళీగా ఉంది కదా అని దూరి గుడ్లు పెట్టింది. నేను తరమబోతే అమ్మ "ఉండనీలే, అదన్నా కూచుంటాది" అంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ప్రమీలమ్మ గారు ప్రొద్దుటూరులో ఉన్న తన చెల్లెలికి రాసిందంట. "మా డ్రైవరు ఏ ఊరు పోయినా తెల్లారకముందే చంకలో ఆడోళ్ళ చీర పెట్టుకొని సముద్రం దిక్కు పోతాడు, పైనుంచి కిందిదాకా తడిసి వస్తాడు, అడిగితే పలకడు" అని. ఆ మాట ప్రొద్దుటూరు నుంచి కమలాపురం రావడానికి మోటారు కూడా అవసరం లేదు. అంగడి దగ్గర లక్ష్మక్క అందరి ముందరా నన్ను నిలేసింది. "ఏం బసమ్మా, నీ తమ్ముడు రేవుకొకతెను పెట్టుకున్యాడంటనే? మీ యమ్మ నేసిన చీర ఎవతి కట్టుకోనుండాది?" అని. నేను తాటాకులు చించినట్టు చించి వదిలిపెట్టినా, అది వేరే సంగతి. ఇంటికొచ్చి తలుపు మూసుకున్నాక నాకే అనుమానం పుట్టింది. ఒంటరిగా చీర పట్టుకొని పోయేవాడు, ఇచ్చి రాకుండా మళ్ళీ ఎందుకు తెచ్చుకుంటాడు?

నిజం చెప్పు. ఎవతి అది? అమ్మ కండ్లు పోగొట్టుకొని నేసిన చీరను దానికి చూపించి ఆశపెడుతున్నావా? అదే నిజమైతే నువ్వు భీమిలిలోనే ఉండిపో. ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా.

*

బందరు
ఫిబ్రవరి 25

అక్కా,

ఎవతీ లేదు! ఆ లక్ష్మక్క నోట్లో మన్ను పడ!

ప్రమీలమ్మ గారిని ఏమనాలో నాకు తెలియడం లేదు. ఆమె చెప్పు కోసం అలల్లో దూకినవాని మీద ఇంత మాట రాస్తుందా? లక్ష్మక్క అన్నదంటే అన్నది, నువ్వు నమ్మినావే! నన్ను చంకన వేసుకొని పెంచినదానివి నువ్వు. నీకే అనుమానం వస్తే ఇంక నాకెవరున్నారు? సరే, విను. ఇన్నాళ్ళూ దాచిపెట్టినా, ఇంక దాచలేను.

ఆ చీర తల్లి తీసుకోవడం లేదు.

మైపాడులోనే, మొదటి పొద్దునే, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మోకాళ్ళ లోతు దిగి వదిలినా. అల వచ్చి తీసుకుపోయింది. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. దండం పెట్టి తల ఎత్తేసరికి ఇంకో అల వచ్చి చీరను తెచ్చి నా కాళ్ళ మీద వేసింది. ఏట్లో వేసింది ఏరు తీసుకుపోతుంది కదక్కా, అది మనకు తెలిసిన సంగతి. ఇది ఇచ్చినదాన్ని మొహం మీద విసిరికొడుతోంది! మళ్ళీ వదిలినా. మళ్ళీ తెచ్చింది. కొత్తపట్నంలో రాయి కట్టినా. రాయి జారిపోయింది, చీర వెనక్కి వచ్చింది. చీరాలలో ఒక పడవ మనిషిని బతిమాలి నడి సముద్రంలో వదిలించినా. మరుసటి పొద్దున చూస్తే ఒడ్డున ఇసుకలో పడి ఉంది, దాని మీద పీతలు పాకుతున్నాయి. సూర్యలంకలో అలలతో కొట్లాడినా. వచ్చిన ప్రతి అలనూ నోటికొచ్చినట్టు తిట్టినా. తల్లిని తిట్టినానక్కా! శెట్టిగారు దూరంగా నిలబడి "ఏమప్పా కాశన్నా, ఎవరితో మాట్లాడతాండావు?" అని అడిగినారు. చీర పిండుకుంటూ మోటారు దిక్కు నడిచినా.

నిన్న బందరు కోటలో పాత తెల్లోళ్ళ గోడలు, మందుగుండు కొట్టు చూపించినారు. నాకు ఒక్కటీ కండ్లకు ఆనలేదు.

ఇప్పుడు నేను అడుగుతా, నువ్వు చెప్పు. ఇంట్లో ఏం తప్పు జరిగింది? పడుగు పోసేటప్పుడు మైల కలిసిందా? బావ కల్లు తాగి వచ్చి మగ్గం తొక్కినాడా? ఊరికే కాదంటుందా తల్లి? నేను మంచి చోటు కోసం చూస్తున్నానని రాసింది మీ కోసమే. సముద్రమ్మ మన చీర తోసేసిందని తెలిస్తే అమ్మ బతుకుతుందా?

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించొద్దు. కాకినాడకు జాబు రాయి.

కాశన్న

*

కమలాపురం
మార్చి 3

ఒరే తిక్కలోడా,

చదివి వినిపించినా. అమ్మ పక్కనే కూర్చొని ఉంది. "ఏం రాసినాడు, ఏం రాసినాడు" అని నా మోచెయ్యి పట్టుకొని ఊపుతుంటే ఎట్లా దాచను? పైగా నాకూ ఒళ్ళు మండుతోంది. బావ కల్లు తాగినాడా అని అడుగుతావా? ఆ మనిషి చెయ్యి సంగతి తెలిస్తే ఆ మాట రాయడానికి సిగ్గుపడేవాడివి. మొన్న సుత్తి జారి కుడిచేతి చూపుడువేలు నలిగింది. గోరు ఊడింది. పోగు అతికించే వేలది.

ఉత్తరం అంతా విని అమ్మ ఏం చేసిందో తెలుసా? నవ్వింది. మూడేండ్ల కరువులో నేనెప్పుడూ వినని నవ్వు. "వాన్ని నేనే కన్యానా?" అని అడిగింది. తర్వాత అంది కదా, "మన చౌడమ్మకు చీర పెడితే పూజారి ఏం చేస్తాడే? తల్లికి కట్టి, మరుసటి దినం తెచ్చి మన ఒళ్ళోనే ఏస్తాడు. అప్పుడు తల్లి వద్దనిందని ఏడుస్తామా? కండ్లకద్దుకొని ఆడబిడ్డకు కట్టబెడతాం. సముద్రమ్మకు పూజారి లేడు, అందుకే తన చేత్తోనే ఇచ్చింది. ఈడు తీసుకోడం మాని మళ్ళీ మళ్ళీ ఆ తల్లి మొహానే కొడతాండాడు" అని.

చిన్నప్పట్నుంచీ చూస్తున్న సంగతే కదరా! జాతరకు చీర పెట్టడం, ప్రసాదంగా తిరిగి రావడం, అది నేనో పిన్నమ్మో కట్టుకోవడం. నీకు ఎట్లా తట్టలేదు? నాకెట్లా తట్టలేదు? నువ్వు ఆ తొలిపూటే జరిగింది జరిగినట్టు రాసి ఉంటే ఆ రోజే పడుగు ఎక్కేది, మీ బావ వేలు మిగిలేది. అమ్మ మనసు నొప్పిస్తానని దాచినావంట! నీ దయ మా ఇంటికి ఎంత పని చేసిందో చూడు.

నీ మీద కోపంతో రాస్తున్నానే గానీ, ఒక మాట చెబుతా. "ఆ చీర నీకే బసమ్మా, తల్లి ఇచ్చింది" అని అమ్మ నా తల నిమిరింది. నా పెండ్లి తర్వాత నా కోసమని ఎవరూ చీర నేయలేదు. నేతింటి ఆడదానికి కొత్త చీర యాడిది, దిగినదల్లా అంగడికే పోతుంది. అందుకని జాగ్రత్త. ఉప్పు పోయేట్టు మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరేసి, మడిచి, నా చీర నాకు తీసుకొని రా. మైపాడులో నీ కాళ్ళ మీద పడ్డప్పుడే మొక్కు తీరిపోయింది. ఈ పొద్దే కోడిని లేపి పడుగు ఎక్కిస్తున్నాం.

బసమ్మ

*

కాకినాడ
మార్చి 4

అక్కకు, అమ్మకు, బావకు కాశన్న వెయ్యి దండాలు.

తీసుకుందక్కా! తల్లి చీర తీసుకుంది!

నీ జాబు ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆగలేక రాస్తున్నా. నిన్న కాకినాడ నుంచి ఉప్పాడ పోయినాము. మోటారు పోతుంటే ఒక పక్క నీళ్ళు చక్రాలకు తగిలేట్టు ఉంటాయి. అక్కడి సముద్రం మిగతా రేవుల మాదిరి కాదు, ఊరినే తింటుందంట. పోయినేడు ఇండ్లు ఉన్న చోట ఇప్పుడు అలలు. అక్కడివాళ్ళు ఏడుస్తూ చెబుతుంటే నేను లోపల సంతోషపడినా, పాపిష్టోన్ని. తినే సముద్రం కావాలనే కదా నేను తిరుగుతున్నది!

కూలిపోయిన ఇంటి దగ్గర ఒక తిరగలి రాయి పడి ఉంటే, ఆ ఇంటివాళ్ళను అడిగి తీసుకున్నా. చీరను దాని కంతలో నుంచి దూర్చి, నేతగాని ముడి వేసి, పడవ ఎక్కి చాలా దూరం పోయి వదిలినా. బుడుంగుమని ఒక్కటే చప్పుడు. సాయంత్రం దాకా ఒడ్డున కూర్చున్నా. ఈ పొద్దు తెల్లారినాక మళ్ళీ పోయి చూసినా. రాలేదు! పోగు కూడా రాలేదు! ఇంక అమ్మకు ధైర్యంగా చెప్పు. పడుగు ఎక్కించండి.

నన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకో. ఇప్పుడు నాకు సముద్రం అందంగా కనబడుతోంది. భీమిలిలో దీపస్తంభం ఎక్కి చూస్తా.

నీ తమ్ముడు
కాశన్న

*

భీమిలి
మార్చి 14
(కార్డు)

అక్కా, నీ మూడో తేదీ జాబు కాకినాడ నుంచి తిరిగి తిరిగి ఇక్కడ అందింది. శెట్టిగారి కాళ్ళు పట్టుకొని సెలవు అడిగి, బస్సులో ఉప్పాడ పోయి వచ్చినా. పడవ మనిషి "ఏ చోటని చూపించమంటావు బాబూ, అంతా నీళ్ళే" అన్నాడు. రెండు పూటలు మనుషుల్ని నీళ్ళలో దింపి వెతికించినా. దొరకలేదు. నా ముడి గట్టిది. దీపస్తంభం ఎక్కలేదు. నీకు ఎట్లా తిట్టాలనిపిస్తే అట్లా తిట్టు. — కాశన్న

*

కమలాపురం
మార్చి 29

తమ్ముడు కాశన్నకు బసమ్మ రాసేది. తిరుగు దారిలో నువ్వు నెల్లూరు దిగేసరికి ఈ ఉత్తరం నీ చేతిలో పడాలి.

తిట్టమన్నావు. నీ కార్డు వచ్చిన దినం దొడ్లోకి పోయి, వేప చెట్టుకు చెప్పినట్టు నోరు నొప్పి పుట్టేదాకా తిట్టినా. నిన్ను, శెట్టిగారిని, ప్రమీలమ్మను, ఏ రేవూ వదలకూడదన్న వాళ్ళ సరదాను, మగ్గం కట్టిపెట్టించిన ఆచారాన్ని, నవ్విన అమ్మను, నోరెత్తని మీ బావను, అందరినీ. తల్లి పదే పదే నాకు చీర ఇస్తే, నువ్వు దాన్ని తిరగలి రాయికి కట్టి ముంచినావు. నీకు కట్టడం నేర్పిందెవరు? ఆ నేతగాని ముడి నేను నేర్పిందే.

అమ్మ మాత్రం "పోనీలే, ఎవరికి పెట్టినామో ఆమే కట్టుకునింది" అని ఊరుకుంది. నాకు ఊరుకోవడం రాలేదు.

మగ్గం ఆడుతోంది. పడుగు ఎక్కించినాక దిగిన తొలి చీర మొన్న కోసినాం. ఎట్లుందో చెబుతా విను. మీ బావ పగుళ్ళ వేళ్ళకు తగిలి జానెడుకొక పోగు తెగింది. నలిగిన వేలితో అతికించలేక అతికించిన ముడులు వరసగా కనబడుతున్నాయి. అంచు ఒక చోట లోపలికి, ఒక చోట బయటికి. అంగడాయన చేత్తో తడిమి చూసి, "అన్నా, ఇది నువ్వు నేసిందేనా?" అని అడిగినాడు. కొనలేదు. మీ బావ దాన్ని మడిచి తెచ్చి నా ముందర పెట్టి బయటికి పోయినాడు. పదహారేండ్ల కాపురంలో ఆయన కండ్లు తుడుచుకోవడం నేను చూసింది అదే మొదలు.

ఆ చీరే కట్టుకున్నా. కట్టుకొనే ఈ ఉత్తరం రాస్తున్నా. ముడులు ఒంటికి గుచ్చుకుంటున్నాయి. అంగడి వీధిలో లక్ష్మక్క ఎగాదిగా చూసింది. "మా ఆయన నాకోసమే నేసినాడు" అని చెప్పి నా దారిన వచ్చినా.

నువ్వు భీమిలి గవ్వలు, శంఖాలు, ఇంకేమన్నా తెచ్చి నా కోపం తీర్చాలని చూడొద్దు. తెస్తే వీధిలో పారేస్తా. మోటారు శెట్టిగారికి అప్పజెప్పి, ఉద్యోగం ఉంటే ఉండనీ పోతే పోనీ, ఇంటికి రా. మీ బావ వేలు మొద్దుబారిపోయింది, పోగు తెగితే ఆయనకు తెలియడం లేదు. పక్కన కూర్చొని తెగిన పోగల్లా అతికించే చెయ్యి ఒకటి కావాలి. నీ ముడి గట్టిదని నువ్వే రాసినావు కదా.

గుంత పక్కన నీకు పీట వేసి పెట్టినా. వచ్చి కూర్చో.

అక్క
బసమ్మ